రెండో గ్రాఫిక్స్ కార్డు పెడితే గేముల వేగం రెట్టింపవుతుందా?

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి ఒక పాఠకుడు తన పేరు వెయ్యవద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. ఆయనకు ఇరవై ఏడేళ్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇంట్లో అమ్మా నాన్నా, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న తమ్ముడూ ఉన్నారు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్. అందులో రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ జీటీఎక్స్ 1070 కార్డు, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల పవర్ సప్లై, 1080పీ మానిటర్ ఉన్నాయి. సైబర్‌పంక్ 2077 ఆడితే సెకనుకు నలభై ఫ్రేములు (తెరమీద వరసగా మారే బొమ్మలు) దాటడం లేదట. వాలరెంట్‌లో కూడా నలుగురైదుగురు ఒకచోట చేరినప్పుడు బొమ్మ తడబడుతోందట.

ఆయన ఏడాదిగా దాచుకున్న 30,000 రూపాయలతో మంచి కార్డు ఒకటి కొందామనుకుంటుండగా, తమ్ముడు తన స్నేహితుడి పాత జీటీఎక్స్ 1070ని 8,000కు బేరమాడి, ఇంట్లో చెప్పకుండా 2,000 అడ్వాన్సు ఇచ్చేశాడు. రెండు 1070లు కలిపి జీటీఏ 5 ఆడిన పాత వీడియో ఒకటి అతని నమ్మకానికి ఆధారం. దానికి తోడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక దుకాణదారుడు ‘రెండు కార్డులేస్తే డబుల్ ఎఫ్‌పీఎస్, గ్యారంటీ’ అన్నాడట (ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు వచ్చే ఫ్రేములు). నాన్నగారేమో ‘ఉన్నది పనిచేస్తూనే ఉంది కదా, కరెంటు బిల్లు ఎవడు కడతాడు’ అంటున్నారు. మాటా మాటా పెరిగి, ‘నీకు ఆఫీసు లాప్‌టాప్ తప్ప ఏం తెలుసు’ అని తమ్ముడు అన్నప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రెండో కార్డు వల్ల నిజంగా లాభముందా, లేకపోతే ఆ సంగతి తమ్ముడికి ఎలా చెప్పాలి అన్నది ఆయన ప్రశ్న.

మీ దగ్గరున్న కంప్యూటర్‌లో రెండో జీటీఎక్స్ 1070 బిగించినా, మీరు పేర్కొన్న రెండు గేముల్లోనూ ఒక్క ఫ్రేము కూడా పెరగదు. ఇది నా అభిప్రాయం కాదు, ఆ గేములూ ఆ బోర్డూ తయారైన తీరే అలాంటిది. అయితే మీ తమ్ముడు చూసిన వీడియో కూడా అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయో అర్థమైతే మీ ఇంట్లో గొడవ సగం తగ్గుతుంది కనుక, ముందు దాని గురించే కాస్త వివరంగా రాస్తాను.

రెండు కార్డుల ఆలోచన కొత్తది కాదు. 1998లోనే 3డీఎఫ్ఎక్స్ అనే కంపెనీ తన వూడూ2 కార్డులను జంటగా వాడుకునే వీలును ఎస్‌ఎల్‌ఐ అన్న పేరుతో కల్పించింది. తెరమీది గీతల్లో ఒకటి విడిచి ఒకటి చొప్పున రెండు కార్డులూ పంచుకుని గీసేవి. ఆ కంపెనీ ఆస్తులను తర్వాత కొనుక్కున్న ఎన్విడియా (మీ జీటీఎక్స్ కార్డు దానిదే), 2004లో అదే పేరును మళ్లీ తెచ్చింది. మరుసటి ఏడాది ఏటీఐ కంపెనీ, క్రాస్‌ఫైర్ అనే తన జంట కార్డుల పద్ధతితో పోటీకి దిగింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లకు పైగా, డబ్బున్నవాళ్లు రెండు కార్డులు పెట్టుకుంటే చాలా గేముల్లో ఫలితం కళ్లకు కనిపించేది. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 ఆ కాలపు గేమే. అందులో రెండో కార్డు బాగానే పనిచేసేది. మీ తమ్ముడు చూసింది ఆ కాలం తాలూకు నిజం.

అప్పుడు ఎక్కువగా వాడిన పద్ధతిలో ఒక ఫ్రేమును మొదటి కార్డు, తర్వాతి ఫ్రేమును రెండో కార్డు గీసేవి. బేసి ఫ్రేములు ఒకదానివి, సరి ఫ్రేములు ఇంకోదానివి. ప్రతి ఫ్రేమూ దేనికది స్వతంత్రంగా ఉన్నంతకాలం ఈ పంపకానికి ఇబ్బంది లేదు. కాని నేటి గేముల్లో ఫ్రేములు అలా విడివిడిగా ఉండవు. అంచుల్లోని గరుకుతనాన్ని నునుపు చేసే టీఏఏ, తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ 2 వంటివి అన్నీ అంతకుముందటి ఫ్రేములో ఏ వస్తువు ఎక్కడ ఉందో చూసుకుని గాని ఈ ఫ్రేమును పూర్తి చెయ్యలేవు. కిరాణా కొట్టు పద్దు పుస్తకంలో ముందు పేజీ మొత్తం తేలితేనే తర్వాతి పేజీ మొదటి వరుస రాయగలం కదా. ఒక పేజీ ఒక గుమాస్తా, తర్వాతి పేజీ ఇంకో గుమాస్తా రాస్తామని పంచుకుంటే ఒకరికోసం ఒకరు కూర్చోవడమే పని అవుతుంది. రెండు కార్డుల పరిస్థితి ఇంచుమించు అదే. పైగా ముందు ఫ్రేము సమాచారాన్ని ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మోసుకెళ్లడానికి పట్టే సమయం అదనం.

బాగా పనిచేసిన రోజుల్లో కూడా ఒక తిరకాసు ఉండేది, అది వీడియోల్లో కనిపించదు. ఒక కార్డు ఒక ఫ్రేమును 25 మిల్లీ సెకండ్లలో గీస్తుందనుకోండి, అంటే సెకనుకు 40 ఫ్రేములు. రెండు కార్డులు సమానమైన ఎడంతో గీస్తే 12.5 మిల్లీ సెకండ్లకొక ఫ్రేము వచ్చి, లెక్క 80 చూపిస్తుంది. కాని ఆ ఎడం అలా సమంగా ఉండేది కాదు. ఒక ఫ్రేము 5 మిల్లీ సెకండ్లకు వచ్చి, తర్వాతిది 20కి వస్తే, సగటు అదే 12.5, మూలన కనిపించే అంకె అదే 80. కంటికి మాత్రం ఆ 20 మిల్లీ సెకండ్ల ఆగుడే తెలుస్తుంది, అంటే 50 ఫ్రేముల అనుభవం. దీన్నే మైక్రో స్టటర్ అనేవారు. పైగా ఒక్కొక్క ఫ్రేము తయారవడానికి అప్పటికీ 25 మిల్లీ సెకండ్లే పడుతుంది కాబట్టి, మౌస్ కదిపిన క్షణానికీ తెర కదిలిన క్షణానికీ మధ్య ఆలస్యం సగానికి తగ్గేది కాదు. వాలరెంట్ ఆడేవారికి ఈ సంగతి ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కరలేదు.

కంపెనీలు కూడా ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060కే, రెండు కార్డులను కలిపే ఎస్‌ఎల్‌ఐ కనెక్టర్ లేదు. ఆర్‌టీఎక్స్ 30 సిరీస్‌కు వచ్చేసరికి 3090 వంటి పైస్థాయి కార్డులకే కనెక్టర్ మిగిలింది, 40 సిరీస్‌లో దేనికీ లేదు. ఏటీఐని కొనుక్కున్న ఏఎండీ, 2019లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 5700తో క్రాస్‌ఫైర్‌ను వదిలేసింది. మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది, 2021 జనవరి 1 నుంచి 20 సిరీస్, అంతకంటే పాత కార్డులకు (మీ 1070 వీటిలోదే) కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లను ఎన్విడియా చెయ్యడం మానేసింది. ఆ ప్రొఫైలే లేకపోతే పాత పద్ధతిలో రెండో కార్డు ఏం చెయ్యాలో, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌కు తెలియదు. గేములు కార్డుతో మాట్లాడే కొత్త పద్ధతులైన డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వచ్చాక ఈ బాధ్యత డ్రైవర్ నుంచి గేము తయారుచేసేవారి మీదికి మారింది. యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ, షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వంటి కొన్ని గేములు ఆ శ్రమ పడ్డాయి. రెండు కార్డులున్నవాళ్లు వెయ్యిమందిలో ఎందరుంటారని లెక్కవేసుకున్న మిగతావాళ్లు పడలేదు, సైబర్‌పంక్ 2077 కూడా అంతే. వాళ్లను తప్పుపట్టలేం.

ఇక మీ మదర్‌బోర్డు. రెండు కార్డులకూ కనీసం ఎనిమిదేసి పీసీఐ లేన్లు (కార్డుకు సమాచారం వచ్చిపోయే దారులు) ఉంటేనే ఎన్విడియా ఎస్‌ఎల్‌ఐ తెరుచుకుంటుంది. బీ450 బోర్డుల్లో ఎక్కువ భాగం పై స్లాటుకే ప్రాసెసర్ నుంచి పదహారు లేన్లూ ఇచ్చేసి, కింది పొడవాటి స్లాటును బోర్డు మీది చిప్‌సెట్ అనే వేరే చిప్పు నుంచి నాలుగు పాత తరం లేన్లతో నడుపుతాయి. చూడటానికి రెండు స్లాట్లూ ఒకే పొడవు ఉంటాయి, మోసపోవడానికి అదే కారణం. ఖరీదైన ఒకటి రెండు రకాలు మినహాయింపు కావచ్చు కాబట్టి మీ బోర్డు పెట్టె మీద గాని, తయారీదారు ఇచ్చిన వివరాల్లో గాని ఎస్‌ఎల్‌ఐ అన్న మాట ఉందేమో ఒకసారి చూడండి. లేకపోతే ఆ స్నేహితుడి కార్డు పెట్టాక ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్‌ఎల్‌ఐ ఎంపికే కనిపించదు. అప్పుడిక జీటీఏ 5లో కూడా ఆ వీడియోలోని ఫలితం మీకు రాదు.

మెమరీ గురించి కూడా మీ తమ్ముడు ‘ఎనిమిదీ ఎనిమిదీ పదహారు’ అన్నాడని రాశారు. గేముల్లో అలా కలవదు. రెండు కార్డులూ అవే టెక్స్చర్లను (వస్తువుల మీద అతికించే బొమ్మలను) దేనికది దాచుకోవాలి, అందుకే 8 జీబీ 8 జీబీగానే ఉంటుంది. కార్డుకు లేని గుణం కూడా జంట కట్టినంత మాత్రాన రాదు. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ గేములు కార్డులోనే రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీసే) సౌకర్యం ఉండాలని కోరుతాయి. 1070కి అది లేదు, రెండు 1070లకూ లేదు. వీటికి తోడు, జీటీఎక్స్ 10 సిరీస్‌కు కొత్త గేముల కోసం డ్రైవర్లు ఇవ్వడాన్ని 2025 అక్టోబరుతో ఎన్విడియా ముగించింది. 2028 అక్టోబరు వరకు మూడు నెలలకొకసారి భద్రతా సవరణలు మాత్రం వస్తాయి. 8,000 పెట్టి కొనే కార్డు విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఏ కార్డు కొనాలన్న దానికంటే ముందు, మీ కంప్యూటర్‌లో అడ్డుపడుతున్నది కార్డేనా అన్నది తేల్చుకోండి, దీనికి పైసా ఖర్చు లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, ఆడుతున్నప్పుడు తెర మూలన గ్రాఫిక్స్ కార్డు వినియోగ శాతమూ, ఒక్కో ఫ్రేముకు పట్టే సమయమూ కనిపించేలా పెట్టండి. సైబర్‌పంక్‌లో కార్డు 97, 98 శాతం దగ్గర నిలబడితే కార్డు చాలడం లేదని అర్థం. వాలరెంట్‌లో మాత్రం తడబడిన సమయంలో అది 50, 60 శాతానికి పడిపోయి కనిపిస్తుందని నా అంచనా. అప్పుడు అడ్డుపడుతున్నది ప్రాసెసరే. ఇంకో పరీక్ష కూడా ఉంది. రిజల్యూషన్‌ను 720పీకి దించి చూడండి. అయినా ఫ్రేములు పెరగకపోతే ఎన్ని కార్డులు పెట్టినా పెరగవు. ఈ పరీక్షను మీరొక్కరే చేసి ఫలితం తెచ్చి తమ్ముడి ముందు పెట్టవద్దు, అతన్నే కూర్చోబెట్టి అతనితోనే చేయించండి. మూడో సంవత్సరం ఇంజనీరింగ్ విద్యార్థికి అన్న మాట కంటే తెరమీది అంకె మీద గురి ఎక్కువ, అది మంచిదే.

అదే సమయంలో బయోస్‌లోకి (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ పెట్టి ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో 3000, 3200 వేగం గల ర్యామ్ కొని, అది 2133 దగ్గరే నడుస్తుంటే ఏళ్లతరబడి గమనించరు. రైజెన్ 2600 ర్యామ్ వేగాన్ని బాగా పట్టించుకునే ప్రాసెసర్. సైబర్‌పంక్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ను ‘క్వాలిటీ’ మీద పెట్టడానికి కూడా కొత్త కార్డు అవసరం లేదు, అది 1070 మీద కూడా పనిచేస్తుంది. ఈ రెండిటితోనే మీ అసంతృప్తి సగం తీరితే, 30,000 అలాగే ఉంచుకుని ఇంకో ఆరు నెలలు ఆగడం కూడా ఒక మార్గమే. నాన్నగారికి ఇదే నచ్చుతుంది. కాని రే ట్రేసింగ్ అడిగే కొత్త గేములు ఆడాలన్న కోరిక మాత్రం అలాగే ఉండిపోతుంది.

పరీక్షలో ప్రాసెసరే దోషి అని తేలితే, మీ బీ450 బోర్డుకు బయోస్ నవీకరించి రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. బోర్డు, ర్యామ్ మార్చనక్కరలేదు. వాలరెంట్ మీ ఇంట్లో ఎక్కువసేపు నడిచే గేమైతే ఈ మార్గంలో పెట్టిన డబ్బుకు వచ్చే ఫలితం వెంటనే తెలుస్తుంది. బయోస్‌ను మాత్రం పాత ప్రాసెసర్ ఉండగానే నవీకరించండి, మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ మీద చెయ్యండి. సైబర్‌పంక్‌లో దీనివల్ల పెద్దగా మార్పు ఉండదు, అక్కడ కార్డే చాలడం లేదు.

సైబర్‌పంక్ వంటివే మీకు ముఖ్యమైతే, 1070ని అమ్మేసి ఒకే కార్డు కొనాలన్న మీ మొదటి ఆలోచనే సరైనదని నా ఉద్దేశం. ఇందులోనూ ఒక సూక్ష్మం ఉంది. ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఆర్‌ఎక్స్ 6600 వంటివి ఎనిమిది లేన్లతోనే నడుస్తాయి. మీ బోర్డు పీసీఐ మూడో తరానిది కావడం వల్ల ఆ దారి ఇరుకవుతుంది. మామూలుగా నష్టం స్వల్పమే గాని, గేము 8 జీబీ దాటి మెమరీ అడిగినప్పుడు తడబాటు కొంచెం ఎక్కువగా తెలుస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డుకు పదహారు లేన్లూ ఉన్నాయి, మెమరీ కూడా ఎక్కువ. అయితే అది పాత తరానిది, కొత్తది దొరక్కపోతే సెకండ్ హ్యాండ్‌లో చూడాలి. అదే పేరుతో 8 జీబీ రకం కూడా ఉంది, అది నెమ్మదైనది, పెట్టె మీద 12 అన్న అంకె చూసి గాని డబ్బు ఇవ్వకండి. ఈ కార్డులన్నిటికీ మీ 550 వాట్ల పవర్ సప్లై సరిపోతుంది. రెండు 1070లకైతే కార్డులకే 300 వాట్లు కావాలి. ఆ 550 మంచి కంపెనీది కాకపోతే నేను ఆ సాహసం చెయ్యను.

ఇప్పుడు మీ తమ్ముడి పక్షాన కూడా కొంచెం మాట్లాడాలి. రెండో కార్డు ఎందుకూ పనికిరాదన్నది నిజం కాదు, మీరు వాదనలో అలా అని ఉంటే ఆ మాట వెనక్కి తీసుకోండి. బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాంలో, అందులోని సైకిల్స్‌తో బొమ్మలు రెండర్ చేసేటప్పుడు ఎస్‌ఎల్‌ఐ అక్కరలేకుండానే రెండు కార్డులూ పని పంచుకుంటాయి, సమయం నిజంగానే సగానికి దగ్గరగా తగ్గుతుంది. కాలేజీ ప్రాజెక్టులో మెషీన్ లెర్నింగ్ ఉందని అతను అన్నట్టు రాశారు. అక్కడా రెండు కార్డులు పనికొస్తాయి గాని, ఎన్విడియా కార్డుల మీద ఇటువంటి లెక్కలు నడిపే కుడా సాఫ్ట్‌వేర్‌లో 2025లో వచ్చిన 13వ వెర్షన్ 1070 తరాన్ని వదిలేసింది కాబట్టి పాత వెర్షన్లతోనే సరిపెట్టుకోవాలి.

గేముల్లో కూడా ఒక్క చోట రెండో కార్డుకు ఈమధ్య మళ్లీ పని దొరికింది. లాస్‌లెస్ స్కేలింగ్ అనే చిన్న ప్రోగ్రాం, గేమును మొదటి కార్డు మీద నడవనిచ్చి, మధ్య ఫ్రేములను రెండో కార్డు చేత కల్పించి వేయించగలదు. మానిటర్ తీగను రెండో కార్డుకు పెట్టాలి. మీ కింది స్లాటు ఇరుకైనదే అయినా 1080పీకి చాలుతుంది. ఒక ఫ్రేము దాదాపు 8 మెగాబైట్లు, సెకనుకు అరవై అంటే 500 మెగాబైట్లు, ఆ స్లాటు దాదాపు 2,000 మెగాబైట్ల వరకు మొయ్యగలదు. అయితే అవి కల్పించిన ఫ్రేములు. కదలిక నునుపుగా కనిపిస్తుంది, మౌస్ స్పందన మాత్రం మెరుగుపడదు, కొంచెం వెనకబడుతుంది కూడా. సైబర్‌పంక్‌కు పరవాలేదు, వాలరెంట్‌కు వద్దు. దీనికోసం ఇంకో 1070 కొనడం దండగ. మీ పవర్ సప్లై మంచి కంపెనీదైతే, మీరు కొత్త కార్డు కొన్నాక ఇప్పుడున్న 1070ని అమ్మకుండా కింద పెట్టుకుని చూడొచ్చు. రెండు కార్డుల కోరిక ఆ విధంగా కొత్త ఖర్చు లేకుండా తీరుతుంది, పాతది అమ్మితే వచ్చే డబ్బు మాత్రం వదులుకోవాలి. నేనైతే తమ్ముడి ముందు మొదట ఈ ప్రతిపాదనే పెడతాను.

కరెంటు విషయంలో నాన్నగారి భయం కొంత ఎక్కువే. అదనంగా 150 వాట్లు, రోజుకు నాలుగు గంటలు అంటే 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. శ్లాబు అంచున ఉంటే తప్ప బిల్లు తారుమారు కాదు. ఆయన అడగవలసింది వేడి గురించి. మీ గది డాబా కిందే అన్నారు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, ఆ గదిలో రెండు కార్డులు ఆనుకుని కూర్చుంటే పై కార్డు ఫ్యాన్‌కు గాలి అందదు, వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటుంది.

మిగిలింది ఆ 2,000 అడ్వాన్సు. అడిగి చూడమనండి, స్నేహితుడు తిరిగి ఇస్తే సరి. ఇవ్వకపోతే, ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి మిగిలిన 6,000 కూడా ఇచ్చి కార్డు తెచ్చుకోవడం రెండో నష్టం అవుతుంది. మీ 30,000 లోంచి ఆ రెండు వేలను సర్దుతానని మీరే అనవచ్చు. అప్పుడు తమ్ముడికి మొహం చెల్లుతుంది గాని, రేపు ఇంకో బేరం కూడా చెప్పకుండా చేసే ప్రమాదం ఉంది. సర్దనంటే డబ్బు విలువ తెలుస్తుంది, మాటలు కలవడానికి మాత్రం ఇంకో వారం పట్టవచ్చు. అతని స్వభావం మీకే తెలుసు కాబట్టి ఈ రెండింటిలో ఏదన్నది మీకే వదిలేస్తున్నాను. ‘నీకు తెలియదు’ అని మాత్రం మీరు అనకండి. పదేళ్ల కిందటైతే అతను చెప్పింది సరైన సలహాయే.

ఒకవేళ ఇద్దరూ కలిసి సెకండ్ హ్యాండ్ కార్డుకే మొగ్గితే, అది 3060 అయినా ఇంకేదైనా, తెచ్చుకునే ముందు అమ్మేవారి దగ్గరే అరగంటపాటు బరువైన గేము నడిపించి, వేడి ఎంతకు చేరిందో, ఫ్యాన్లు గరగరమంటున్నాయో, తెరమీద రంగు చుక్కలు వస్తున్నాయో చూడండి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించడం) ఆగే వరకు ఇటువంటి కార్డులు ఎన్నో రాత్రింబవళ్లు నడిచాయి. ఆ స్నేహితుడి 1070కి కూడా ఇదే అనుమానం వర్తిస్తుంది. ఒరిజినల్ బిల్లు అడగండి, కార్డు మీది సీరియల్ నంబరుతో సరిపోల్చండి. స్క్రూల మీది వారంటీ స్టిక్కర్ చిరిగి ఉంటే ఎందుకు విప్పారో కారణం చెప్పమనండి, థర్మల్ పేస్టు మార్చామని అంటే అది తప్పేమీ కాదు.